ముగియని ఆలయము, ముగియని యాత్ర
థామస్ కొర్యాట్ జీవితము

సూరత్ అను పేరు తెలుగువారికి క్రొత్తది కాదు. మగ్గమును నమ్ముకొని బ్రదుకు కుటుంబములు అనేకములు తెలంగాణ జిల్లాలనుండి ఆ నగరమునకు వలసవెళ్లి, అక్కడి మిల్లులలో పని సంపాదించుకొని స్థిరపడినవి. పండుగకు ఇంటికి వచ్చి మరల సూరత్ బండి ఎక్కువారిని మన రైలుస్టేషనులలో చూచుచునే యున్నాము. అయితే ఆ నగరమునకు పడమరగా, సముద్రతీరమునకు సమీపమున, సువాలి దగ్గర రాజ్‌గరి అను గ్రామమువద్ద గుమ్మటము గల పాత కట్టడమొకటి ఉన్నదని మనవారిలో ఎందరికి తెలియును? దానిని టామ్ కొర్యాట్ సమాధి అని అక్కడివారు పరంపరగా పిలుచుచున్నారు. భారత పురావస్తుశాఖవారు దానిని ఆ పేరుతోనే తమ రక్షిత కట్టడముల పట్టికలో చేర్చియున్నారు.

ఈ కొర్యాట్ ఎవరు? అతడు మిషనెరీ కాడు. వర్తకుడు కాడు, సైనికుడును కాడు. సువార్త నిమిత్తము ప్రాణము పెట్టిన హతసాక్షి అంతకంటెను కాడు. లోకమును చూడవలెనను ఒక్క కోరికతో ఇంగ్లాండునుండి హిందూదేశమువరకు నడిచి వచ్చిన బాటసారి. ఇట్టివాని చరిత్ర భక్తుల జీవితములు చదువుకొను ఈ పుటలలో ఏల అని ప్రియ పాఠకులు అడుగవచ్చును. మొదలుపెట్టిన పని ముగింపక మునుపే తన జీవితము ముగియునేమో అను భయము అతనిని వేధించెను. ఆ భయము మనలో ఎవరికి లేదు? అందుచేతనే ఇతని కథ మన కథయు నగుచున్నది.

ఓడ్‌కోంబ్ గ్రామమునుండి

ఇంగ్లాండు నైరుతి భాగమున సోమర్‌సెట్ అను సీమలో ఓడ్‌కోంబ్ అను చిన్న గ్రామము కలదు. ఆ గ్రామసంఘమునకు గురువుగా నుండిన జార్జి కొర్యాట్ కుమారుడే థామస్. అతడు ఇంచుమించు 1577లో జన్మించెను. వించెస్టర్ పాఠశాలలో చదివి, 1596లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో ప్రవేశించి, గ్రీకు లాటిను భాషలయందు మంచి పాండిత్యము సంపాదించెను గాని, పట్టము పుచ్చుకొనకయే బయటికి వచ్చెను.

తరువాత అతనికి దొరికిన స్థానము మొదటి జేమ్సు రాజు పెద్దకుమారుడైన హెన్రీ రాకుమారుని కొలువులోనిది. అది గౌరవమైన ఉద్యోగమని చెప్పుటకు వీలులేదు. అతని రూపమును, మితిమీరిన మాటలును, గ్రీకు లాటిను పదములు కలిపి వడ్డించు వింత వాక్యములును సభవారికి నవ్వు తెప్పించుచుండెను. విందులయందు భోజనానంతరము మిఠాయి వచ్చినట్లు కొర్యాట్ కూడ వచ్చునని చెప్పుకొనెడివారు. అందరును అతనిని పిలిచిరి, అందరును నవ్విరి. లెక్కలోనికి తీసికొన్నవారు మాత్రము బహు కొద్దిమంది. తాను పండితుడనని ఎరిగినవాడు విదూషకుడుగా బ్రదుకుట ఎంత కష్టమో అనుభవించినవారికే తెలియును.

1607లో తండ్రి మరణించెను. మరుసటి సంవత్సరము మే నెలలో థామస్ డోవరు రేవున ఓడ యెక్కి ఫ్రాన్సు దేశము చేరెను. ఆ కాలమున వర్తకులు సరకు కొరకును, సైనికులు యుద్ధము కొరకును, యాత్రికులు పుణ్యక్షేత్రముల కొరకును దేశములు తిరుగుచుండిరి. కేవలము చూచుటకే తిరుగువారు అరుదు. ఇతడు ప్యారిస్, లియాన్ పట్టణములను చూచి, ఆల్ప్స్ పర్వతములు దాటి, మిలాను మీదుగా వెనీసు నగరము చేరి అక్కడ ఇంచుమించు ఆరు వారములు నిలిచెను. తిరుగుదారిలో స్విట్జర్లాండును, రైను నదీతీరమును చూచెను. కొంత దూరము గుఱ్ఱముమీదను, కొంత పడవమీదను, మిక్కిలి దూరము కాలినడకను సాగిన ఆ ప్రయాణము 1,975 మైళ్లని అతడే లెక్క కట్టెను. ఐదు మాసములలో ఇల్లు చేరి, తాను నడిచిన చెప్పుల జతను తండ్రి సేవచేసిన ఓడ్‌కోంబ్ దేవాలయములో వ్రేలాడదీసెను. అవి అనేక సంవత్సరములు అక్కడనే యుండెను.

కొలోన్ నగరమున

ఆ తిరుగుప్రయాణములో, 1608 సెప్టెంబరు నెలలో, అతడు జర్మనీ దేశమందలి కొలోన్ నగరము చేరెను. అక్కడి ప్రధాన దేవాలయము అప్పటికే లోకప్రసిద్ధము. అయినను అది పూర్తి కాలేదు. దాని పునాది 1248 ఆగస్టు 15న వేయబడెను. తూర్పు దేశపు జ్ఞానుల ఎముకలని నమ్మబడిన అవశేషములు 1164లో మిలాను నుండి ఆ పట్టణమునకు తేబడెను. ఆ పేటికకు తగిన ఆలయము కట్టవలెనన్నది ఆనాటివారి సంకల్పము. గెర్హార్డు అను శిల్పాచార్యుడు పని ప్రారంభించెను. తూర్పు భాగము 1322లో ప్రతిష్ఠింపబడెను. పిమ్మట దక్షిణ గోపురము కొంత ఎత్తు లేచెను. 1560 ప్రాంతమున ధనమును ఉత్సాహమును రెండును అడుగంటిపోగా పని నిలిచిపోయెను.

కొర్యాట్ చూచినది ఈ ఆలయమునే. ఒకవైపున ఆకాశమంటు సుందరమైన తూర్పు భాగము. మరియొకవైపున సగమునకే ఆగిన గోపురము. రెంటికి నడుమ తాత్కాలికముగా కప్పబడిన పల్లపు కట్టడము. ఆ మొండి గోపురముమీద రాళ్లు పైకెత్తుటకు ఉంచిన పెద్ద కొయ్య యంత్రము అటులనే నిలిచియుండెను. పనివారు మధ్యాహ్న భోజనమునకు దిగి, ఇంకను తిరిగి రానట్లు అది కనబడుచుండెను. ఆ యంత్రము ఇంచుమించు నాలుగు వందల సంవత్సరములు ఆ నగరమునకు గుర్తుగా ఉండెను.

కొర్యాట్ పట్టుగల ప్రొటెస్టెంటు. అవశేషములయందు అతనికి భక్తి లేదు. అయినను జ్ఞానుల సమాధినిగూర్చియు, అక్కడి శాసనములనుగూర్చియు శ్రద్ధతో వ్రాసికొనెను. సమాధులమీది వ్రాతలు ఎక్కడ కనబడినను నిలిచి ఎక్కించుకొనుట అతని అలవాటు. మరణించినవారి పేరులను అంత ఆశతో వ్రాసికొన్న ఆ చేతికి, తన సమాధిమీద పేరైనను ఉండదని ఆ దినమున తెలియదు.

నవ్వులపాలైన గ్రంథము

ఇల్లు చేరి మూడు సంవత్సరములు శ్రమపడి, 1611లో అతడు తన యాత్రాగ్రంథమును ప్రచురించెను. దానిపేరు కొర్యాట్స్ క్రూడిటీస్. అనగా సరిగా ఉడుకని వంటకములని భావము. ఇటలీవారు భోజనములో ముళ్లగరిట వాడుటనుగూర్చి ఇంగ్లాండువారికి మొదట తెలిపినవారిలో ఇతడొకడు. ఎండకు పట్టుకొను గొడుగునుగూర్చియు వ్రాసెను. ఆ గ్రంథమునకు ముందు యాబదిమందికి పైగా కవులును పెద్దలును పద్యములు వ్రాసి యిచ్చిరి. వారిలో బెన్ జాన్సన్ కలడు. పిమ్మట లండను సెయింట్ పాల్ దేవాలయమునకు డీనైన జాన్ డన్ కలడు. అయితే ఆ పద్యములు ప్రశంసలు కావు, పరిహాసములు. వాటిని విడువక అచ్చువేయవలెనని రాకుమారుడు ఆజ్ఞాపించెను. నవ్వినవారి నవ్వులను తన గ్రంథమునందే, తన ఖర్చుతోనే అచ్చువేయించుకొనవలసిన గతి ఆ గ్రంథకర్తకు పట్టెను.

అదే 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ మన మచిలీపట్టణము రేవు చేరి అక్కడ వర్తకస్థావరము నెలకొల్పెను. తూర్పు దేశముల తలుపు తెరువబడుచుండిన దినములవి. ఆ తలుపును కొర్యాట్ సరకుతో గాక కాలినడకతో దాటగోరెను.

జెరూషలేమునుండి అజ్మీరువరకు

1612 అక్టోబరులో అతడు రెండవమారు బయలుదేరెను. కొలది దినములకే, ఆ నవంబరులో, అతని పోషకుడైన హెన్రీ రాకుమారుడు పదునెనిమిదేండ్ల ప్రాయమున మరణించెను. కొర్యాట్ కాన్‌స్టాంటినోపులులో చాలకాలము నిలిచి, 1614లో జెరూషలేము చేరెను. ఆ కాలమున అక్కడికి వచ్చు యాత్రికులు చేతులమీద పచ్చబొట్టు పొడిపించుకొనుచుండిరి. ఇతడును తన ఎడమ మణికట్టుపై జెరూషలేము చిహ్నమైన సిలువలను, కుడి మణికట్టుపై ప్రభువు సిలువను పొడిపించుకొనెను. తరువాతి దినములలో వాటిని చూచుకొని మురియుచు, గలతీయులకు వ్రాసిన పత్రిక చివర పౌలు తన శరీరమందలి ముద్రలనుగూర్చి చెప్పిన మాటను తనకు అన్వయించుకొనుచుండెను. పౌలు ముద్రలు కొరడాలవలనను రాళ్లవలనను కలిగినవి. ఇతనివి రుసుము చెల్లించి పొడిపించుకొన్నవి. ఈ తారతమ్యము అతనికి అప్పటికి తోచినట్లు లేదు.

1614 సెప్టెంబరులో అలెప్పో పట్టణమునుండి ఒంటెల బిడారుతో కలిసి అతడు తూర్పుదిక్కునకు నడిచెను. యూఫ్రటీసు, టైగ్రిసు నదులు దాటి, తబ్రీజు మీదుగా పారసీక రాజధానియైన ఇస్ఫహాను చేరి రెండు మాసములు నిలిచెను. అచ్చటినుండి లాహోరునకు సాగిన బిడారులో 2,000 ఒంటెలును 6,000 జనులును ఉండిరని అతడు వ్రాసెను. దారిలో, హిందూదేశపు సరిహద్దు సమీపించుచుండగా, పారసీక చక్రవర్తి పనిమీద తిరుగుచుండిన సర్ రాబర్టు షెర్లీ అను ఇంగ్లీషువాడును అతని భార్యయు ఎదురైరి. షెర్లీ తన సామానులోనుండి కొర్యాట్ పుస్తకములను తీసి చూపించెను. ఎడారిమధ్య తన గ్రంథమును భద్రముగా దాచుకొన్న చదువరి యొకడు కనబడగా ఆ బాటసారి పొందిన ఆనందము ఇంతింత కాదు.

లాహోరునుండి ఆగ్రాకు ఇరువది దినముల నడక. ఇరుప్రక్కల చెట్లు నాటిన ఆ బాటను అతడు ఎంతో మెచ్చుకొనెను. 1615 జూలైలో అతడు జహంగీరు చక్రవర్తి విడిదిచేసియున్న అజ్మీరు చేరెను. అలెప్పోనుండి అజ్మీరునకు పట్టిన పది మాసములకు అతనికైన ఖర్చు మూడు పౌనులు మాత్రమే. అందులోను పది షిల్లింగులు దారిలో కొందరు తోటి క్రైస్తవులే మోసగించి తీసికొనిరి.

రాయబారి కొలువులో

1615 సెప్టెంబరులో జేమ్సు రాజు రాయబారియైన సర్ థామస్ రో సువాలి రేవున దిగి, సూరత్ మీదుగా అజ్మీరునకు వచ్చెను. కొర్యాట్‌కు ఆయనతో పూర్వపరిచయము కలదు. స్వదేశీయుల నడుమ అతనికి కూడు గూడు లభించెను. ఆ కాలమున అతడు పారసీకము, తురుష్కము, అరబ్బీ, హిందుస్తానీ భాషలు నేర్చుకొనెను. రాయబారి యింట బట్టలుతుకు స్త్రీ యొకతె ఉదయమునుండి సాయంకాలమువరకు అందరిని తిట్టుచుండెడిది. ఒకనాడు కొర్యాట్ ఆమె భాషలోనే ఆమెతో వాదమునకు దిగి, ఉదయము ఎనిమిది గంటలకే ఆమెకు మాట దొరకకుండ చేసెనట. ఈ సంగతి వ్రాసి పెట్టినవాడు రో వారి చాప్లెయినుగా పనిచేసిన ఎడ్వర్డు టెరీ గురువు. కొర్యాట్ కడపటి దినములనుగూర్చి మనకు తెలిసిన దానిలో చాలభాగము 1655లో అచ్చైన టెరీ గ్రంథమువలననే తెలియుచున్నది.

1616లో కొర్యాట్ ఎవరికిని చెప్పక జహంగీరు దర్శనమిచ్చు గవాక్షము క్రింద నిలిచి, పారసీక భాషలో ప్రసంగించెను. చక్రవర్తి సంతోషించి నూరు రూపాయలు గుడ్డలో వేయించి క్రిందికి దింపించెను. ఒక ఇంగ్లీషువాడు పరరాజు ఎదుట భిక్షకునివలె నిలిచినందుకు రో కోపించెను. కొర్యాట్ వెనుదీయక గట్టిగా బదులు చెప్పగా ఆయన ఊరకుండెను. ఒకని రాజ్యగౌరవము ఒకనిది. మరియొకని ఆకలి మరియొకనిది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండ చెప్పవలెను. కొర్యాట్ తన మతమునందు రోషము గలవాడు. అయితే ఆ రోషమునకు సాత్వికమను కళ్లెము లేదు. వెనీసులో ఒక యూదా రబ్బీతో వాదమునకు దిగి, జనులు గుమిగూడగా, ఇంగ్లీషు రాయబారి పడవ అటు రావటచేత బయటపడెను. ఆగ్రాలో ఒక మసీదునకు ఎదురుగా ఎత్తయిన చోటెక్కి, ప్రార్థనకు పిలుచువాని పిలుపునకు ప్రతిగా తన విశ్వాసమును కేకవేసెను. మరియొక దేశమందైనచో ప్రాణము పోవలసిన పని అది. ఇక్కడివారు అతనిని పిచ్చివానిగా ఎంచి విడిచిపెట్టిరని టెరీ తలంచెను. దీనిని ధైర్యమని మెచ్చుకొనువారు కలరు. నేను మెచ్చుకొనజాలను. మనయందలి నిరీక్షణకు హేతువు చెప్పుమని పేతురు ఆజ్ఞాపించిన చోటనే సాత్వికముతోను భయముతోను చెప్పుమని కూడ ఆజ్ఞాపించెను. ఇంటి యజమాని ఎదుట కేకవేయు అతిథి సాక్షి కాజాలడు. దూరము నడచుటయే సేవ కాదు. భాషలు నేర్చుటయే ప్రేమ కాదు.

మాండూలో మూర్ఛ

అజ్మీరు విడిచి అతడు ఆగ్రాకు వెళ్లెను. 1616 అక్టోబరు 31న అచ్చటినుండి తల్లికి ఉత్తరము వ్రాసెను. గంగాతీరమందలి హరిద్వారమును, మరికొన్ని క్షేత్రములను చూచెను. 1617లో రాయబారి విడిదిచేసిన మాండూ దుర్గమునకు వచ్చి, టెరీ గురువుతో ఒకే గదిలో నివసించెను. అప్పటికి దేహము చిక్కిపోయియుండెను.

ఆ దినములలోనే ఇంగ్లాండునుండి తిరిగివచ్చిన స్టీల్ అను వర్తకుడు ఒక సంగతి చెప్పెను. కొర్యాట్‌ను దారిలో చూచితినని తాను రాజుతో విన్నవింపగా, ఆ మూఢుడు ఇంకను బ్రదికియున్నాడా అను భావముతో రాజు మాటలాడెనట. వేలకొలది మైళ్లు నడచి సంపాదించిన కీర్తి రాజు నోట ఒక్క మాటతో నేలపాలాయెను. మరియొకమారు రో అతని నిమిత్తము అలెప్పోలోని ఇంగ్లీషు కాన్సలుకు సిఫారసు ఉత్తరము వ్రాసి, పది పౌనులిచ్చి ఆదరింపుమని కోరెను గాని, అందులో అతనిని నిజాయితీగల దీనుడని వర్ణించెను. సొమ్మునకు సంతోషించిన కొర్యాట్ ఆ వర్ణనకు కుమిలిపోయెను. రో దయతో ఆ మాట మార్చి వ్రాసెను. ఆ ఉత్తరము అలెప్పో చేరనేలేదు.

ఒకదినమున రో, టెరీలు ఉన్న గదిలో స్తంభమున కానుకొని నిలిచియుండగా కొర్యాట్ ఉన్నట్టుండి మూర్ఛపోయి పడెను. ఎంతో ప్రయత్నముమీద తెలివి వచ్చెను. ఏమి జరిగెనని అడుగగా అతడు చెప్పినది ఇది: తాను దారిలో చనిపోయిన యెడల తన యాత్రల వృత్తాంతమంతయు తనతోనే మట్టిలో కలిసిపోవునని, తాను చూచినది స్వదేశీయులకు ఎన్నడును తెలియదని తలంపు వచ్చి, ఆ దుఃఖము గుండెను క్రమ్మెను.

ప్రియ పాఠకులారా, ఆ స్తంభముచెంత కూలినవాని తోడ మనము కొంతసేపు నిలువవలెను. అతనిని వేధించినది మరణభయము మాత్రమే కాదు. వృథా అయిపోయితినను భయము అది. బిడ్డలను చదివించుచు నడుమ రోగమునపడిన తండ్రియు, ఒక గ్రామమున ఇరువది సంవత్సరములు పనిచేసి కట్టడము గోడలమట్టుకే లేచియుండగా బదిలీయైన గురువును, సగము వ్రాసిన వ్రాతప్రతి బల్లమీద నుండగా చూపు తగ్గిపోవుచున్న అనువాదకుడును ఆ భయమును ఎరుగుదురు. దానిని నేనును ఎరుగుదును.

సూరత్‌లో

1617 నవంబరు 13న కొర్యాట్ మాండూ విడిచి ఒంటరిగా సూరత్ దారి పట్టెను. రాయబారితో కూడ ఉండుమని ఆయన చెప్పినను వినలేదు. రోగముతోనే ఆ దూరము నడచి సూరత్ చేరెను. అక్కడ 1613నుండి ఇంగ్లీషువారి వర్తకస్థావరము ఉండెను. ఆ యింటివారు అతనిని ఆదరించి, స్వదేశమునుండి వచ్చిన ద్రాక్షారసము ఉన్నదని చెప్పిరి. చిరకాలముగా ఎరుగని ఆ రుచికి ఆశపడి అతడు పుచ్చుకొనెను. మితముగానే పుచ్చుకొనెనని టెరీ వ్రాసెను. అయితే అప్పటికే అతనికి రక్తవిరేచనములు పట్టియుండెను. వ్యాధి ముదిరి, 1617 డిసెంబరు నెలలో, నలువదేండ్ల ప్రాయమున అతడు మరణించెను. వేలకొలది మైళ్ల ఎండను, ఎడారిని, దొంగలను తప్పించుకొన్నవాడు ఆదరించిన ఇంటిలో, ఇచ్చిన పానపాత్రవలన కూలెను.

అతనిమీద చిన్న మట్టిదిబ్బ లేచెను. గుమ్మటము పరంపర చూపు గుర్తు. టెరీ చెప్పినదైతే పల్లెటూరి శ్మశానములలో కనబడునట్టి దిబ్బవంటిదే. ఓడ్‌కోంబ్‌లో అతని తల్లి గెర్ట్రూడ్ ఇంకను ఎన్నో సంవత్సరములు జీవించి 1645లో మరణించెను. దేవాలయములో వ్రేలాడుచుండిన కుమారుని చెప్పులు ఆమె కన్నులయెదుటనే ఉండెను. అతని వ్రాతలలో కొన్ని ముక్కలను శామ్యూల్ పర్చాస్ 1625లో తన సంపుటములలో చేర్చెను. మిగిలినవి నశించిపోయెను. మాండూలో అతడు దేనికి భయపడెనో అది చాలమట్టుకు జరిగెను.

నమూనా ఎవరియొద్ద నున్నది?

లూకా సువార్త పదునాలుగవ అధ్యాయములో ప్రభువు గోపురము కట్టబూనినవానిని గూర్చి చెప్పెను. ఖర్చు లెక్క చూచుకొనక పునాది వేసి, కొనసాగింపలేక, చూచువారిచేత అపహాస్యము పొందిన మనుష్యుని కథ అది. ఆ హెచ్చరికను మనము తేలికగా తీసికొనరాదు. మన సంఘములలో పునాదిరాయితోను, ఫలకముమీది పేరులతోను ఆగిన కట్టడములు ఎన్ని లేవు? తన పేరు కొరకు పునాది వేయువాడు ఆ పేరుతోనే నవ్వులపాలగును.

అయితే ముగియని ప్రతి పనియు అట్టిది కాదు. మోషే నెబో కొండనుండి వాగ్దానదేశమును చూచెను గాని అందులో అడుగుపెట్టలేదు. దావీదు ఆలయమునకు కావలసినవన్నియు సమకూర్చెను గాని కట్టినవాడు సొలొమోను. దావీదు కుమారునికి అప్పగించినవాటిలో బంగారము, వెండి, ఇనుము కంటె ముఖ్యమైనది మరియొకటి ఉన్నది. అది ఆలయపు నమూనా. ఆ సంగతి దినవృత్తాంతముల మొదటి గ్రంథము ఇరువదియెనిమిదవ అధ్యాయమున కలదు.

కొలోన్ ఆలయము కథ ఇక్కడ మరల జ్ఞాపకము వచ్చుచున్నది. కొర్యాట్ చూచిన తరువాతను రెండు వందల సంవత్సరములకు పైగా ఆ మొండి గోపురము అట్లే ఉండెను. అప్పుడు 1814లో డార్మ్‌స్టాట్ పట్టణమున ఆ ఆలయ పశ్చిమముఖపు ప్రాచీన చిత్రపటము సగము బయటపడెను. 1816లో తక్కిన సగము ప్యారిసులో దొరికెను. పనివారు పోయిరి, వారి మనుమలును పోయిరి, నమూనా నిలిచెను. 1842లో ప్రష్యా రాజైన నాలుగవ ఫ్రెడరిక్ విలియము, తాను ప్రొటెస్టెంటు అయ్యును, ఆ కతోలిక ఆలయపు పని మరల ప్రారంభించుటకు రాయి వేసెను. ప్రజలు చందాలు వేసికొనిరి. 1868లో ఆ పాత కొయ్య యంత్రము దింపబడెను. 1880లో 157 మీటర్ల ఎత్తుగల జంట గోపురములతో ఆ ఆలయము పూర్తియాయెను. పునాదినుండి 632 సంవత్సరములు పట్టెను. రెండవ ప్రపంచ యుద్ధములో బాంబులు తగిలి దెబ్బతిన్నను అది నిలిచెను. నేటికిని దానిమీద మరమ్మతు జరుగుచునే యున్నది.

మన తెలుగు సంఘచరిత్రలోను ఇట్టిదే జరిగెను. 1805లో విశాఖపట్టణము వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజ్ అను లండన్ మిషను సేవకులు ఆనందరాయరు సహాయముతో తెలుగులో సువార్తలను అనువదింప పూనిరి. 1809లో క్రాన్ మరణించెను. 1810లో డి గ్రాంజ్ మరణించెను. వారి పని అచ్చులో చూచుకొనుటకు ఇద్దరిలో ఎవరును మిగులలేదు. 1812లో శ్రీరాంపురమున మూడు సువార్తలు తెలుగులో ముద్రింపబడెను. 1818లో ప్రిచెట్ గారి క్రొత్త నిబంధన మద్రాసులో వెలువడెను. తరువాత మరి యెందరో చేతులు వేసిరి. కొర్యాట్ కన్నుమూసిన సూరత్‌లోనే, ఇంచుమించు రెండు వందల సంవత్సరముల తరువాత, 1815లో మిషనెరీలు దిగి, 1820 తరువాతి తొలి సంవత్సరములలో గుజరాతీ బైబిలును అచ్చువేసిరి. ఒకని మట్టిదిబ్బ ఉన్న తావునందే మరియొకరి విత్తనము మొలిచెను.

కొర్యాట్‌కు ఈ ఓదార్పు లేకపోయెను. అతని పనికి నమూనా అతనియొద్దనే ఉండెను. అతడు పోగా అదియు పోయెను. తన కన్నులు చూచినదానిని తన చేయియే వ్రాయవలెను. తన పేరే నిలువవలెను. అందుచేతనే మరణము అతని సర్వస్వమును తీసికొనునదిగా కనబడెను. అయినను అతనిని నవ్వి విడువరాదు. అతని సమకాలికులు ఆ పని చాలినంత చేసిరి. అతనిని దీనుడని వ్రాసిన ఉత్తరమును మార్చి వ్రాసిన రాయబారి దయ మనకు ఆదర్శము. గది పంచుకొని, ముప్పది యెనిమిదేండ్ల తరువాత ప్రేమతో అతని కథ చెప్పిన టెరీ స్నేహము మనకు ఆదర్శము. కొర్యాట్ వ్రాయలేకపోయిన దానిలో కొంత, మరియొకని చేయి వ్రాసెను. అతడు మాండూలో కూలినప్పుడు ప్రక్కనే నిలిచియున్నవాడు ఆ టెరీయే.

మన పని ఎవరి నమూనా ప్రకారము జరుగుచున్నది? ఈ సంవత్సరాంతమున ప్రతివాడును తన్ను తాను అడుగుకొనవలసిన ప్రశ్న ఇదియే. అది మన నమూనాయైన యెడల మనతోనే మట్టిలో కలియును. దానికొరకు మూర్ఛపోవుట న్యాయమే. అది ఆయన నమూనాయైన యెడల మన చేయి ఆగినచోట మరియొక చేయి అందుకొనును. మనయందు సత్‌క్రియ నారంభించినవాడే దానిని కొనసాగించునని ఫిలిప్పీయులకు వ్రాసిన అపొస్తలుడు అది వ్రాయునప్పుడు బంధకములలో ఉండెను.

సూరత్ వెళ్లు తెలుగు సహోదరులు ఎన్నడైన తీరిక దొరికి సువాలి ఒడ్డునకు వెళ్లినచో, ఆ గుమ్మటము నీడను క్షణకాలము నిలిచి, ఇంటికి చేరలేకపోయిన ఆ బాటసారిని జ్ఞాపకము చేసికొనుడు. పిమ్మట తిరిగివచ్చి, సగమునకు ఆగియున్న మీ పనిని మరల చేతపట్టుకొనుడు. ముగింపు ఆయన చేతిలో నున్నది.